తేనె పులిస్తే



నాకు తొమ్మిదేళ్లప్పుడు, ఒక వానాకాలం రాత్రి, పెనుకొండలో మా అవ్వ ఇంటి అటక మీద 'ఠప్పు'మని చప్పుడైంది. పిల్లి అనుకున్నాం. తాత లాంతరు పట్టుకుని నిచ్చెనెక్కి చూస్తే పిల్లీ లేదు, ఎలుకా లేదు. తేనెసీసా బిరడా ఎగిరి దూలానికి తగిలి పక్కన పడి ఉంది. సీసా మూతి నుంచి తెల్లటి నురగ కారుతోంది. కొండ మీది తుట్టె కోసి తెచ్చినాయన నెల ముందు అమ్మిపోయిన తేనె అది.

"చెడిపోయిందా అవ్వా?" అన్నాను.

అవ్వ వేలితో కొంచెం నాకి చూసింది. "లేదురా అబ్బీ, పులిసింది. చెడేది వేరే, పులిసేది వేరే" అంది. అని, ఆ సీసా మూతికి పల్చటి గుడ్డ కట్టి మళ్లీ అటకెక్కించింది. ఏమీ జరగనట్టు పోయి పడుకుంది.

తర్వాత నేను కెమిస్ట్రీ చదివి, హిందూపురంలో ముప్పై ఏళ్లకు పైగా అదే పాఠం చెప్పి రిటైరయ్యాను. చెడడానికీ పులవడానికీ తేడా ఏమిటో క్లాసులో చాలాసార్లు చెప్పాను కానీ, అవ్వ చెప్పినంత పొట్టిగా మాత్రం చెప్పలేకపోయాను. ఈ రోజు మాట్లాడబోయేది ఆ సీసాలోని నురగ గురించే.

తేనె ఏళ్ల తరబడి నిలవుంటుందని అందరికీ తెలుసు. ఎందుకుంటుంది? దాంట్లో నూటికి ఎనభై పాళ్లు చక్కెరలే. నీళ్లు మామూలుగా పదిహేడు, పద్దెనిమిది పాళ్లకు మించవు. అంత చిక్కటి చక్కెరలో ఏ సూక్ష్మజీవి పడినా, దాని ఒంట్లో ఉన్న నీటినే తేనె లాగేసుకుంటుంది. ఊరగాయలో ఉప్పు చేసే పనే ఇక్కడ చక్కెర చేస్తుంది. అలాగని తేనెలో ఈస్ట్ లేదనుకోకండి. పువ్వు మీది నుంచి, తేనెటీగ కాళ్ల మీది నుంచి వచ్చిన ఈస్ట్ కణాలు ప్రతి తేనెలోనూ నిద్రపోతూ ఉంటాయి. నీళ్ల కోసం కాచుకుని ఉంటాయి.

ఈగలకు ఈ సంగతి మనకంటే బాగా తెలుసు. పువ్వుల నుంచి తెచ్చిన పల్చటి మకరందాన్ని పెరలో పోసి, రెక్కలతో విసిరి విసిరి, తగినంత చిక్కబడ్డాకే గదికి మైనం మూత వేస్తాయి. మైనం మూత పడని పెర కోశామంటే పచ్చితేనె తెచ్చుకున్నట్టే. వానాకాలంలో కోసినా అంతే, గాలిలోని తడి తేనెలో చేరుతుంది. బండల కింద పెద్ద తుట్టెలు కట్టే కొండ ఈగల తేనెలో మామూలుగానే నీటి పాలు కాస్త ఎక్కువ. అందుకే మన దేశపు ఆహార ప్రమాణాల్లో తేనెలో తేమ 20 శాతం దాటకూడదని గీత గీశారు. మా అవ్వ సీసా ఆ గీత దాటింది. నిద్రపోతున్న ఈస్ట్ లేచింది, బిరడా ఎగిరింది.

మాటల మధ్యలో ఒక మాట. తేనెను అగ్గిపుల్లతో పరీక్షించడం, కుక్క ముందు పెట్టి చూడడం, నీళ్లలో వేసి గీతలు చూడడం, ఇవేవీ అసలు తేనెను పట్టిచ్చేవి కావు. బాగా మరగబెట్టిన బెల్లప్పాకం కూడా ఈ పరీక్షలన్నీ హాయిగా పాసైపోతుంది. హిందూపురం బెల్లం మండీలు చూసినవాడిగా చెబుతున్నాను.

అనుకోకుండా పులిసిన తేనె సంగతి ఇది. కావాలనే తేనెలో నీళ్లు కలిపి పులియబెట్టే అలవాటు ప్రపంచంలో చాలా చోట్ల ఉంది. ఇంగ్లీషువాళ్లు దాన్ని మీడ్ అంటారు. మనం తేనెకల్లు అనుకుందాం. మీడ్ అన్న మాట మనకు చుట్టమే. సంస్కృతంలో 'మధు' అంటే తేనె, మద్యం కూడా. రష్యాలో తేనెను 'మ్యోద్' అంటారు. పాత గ్రీకులో 'మెథు' అంటే ద్రాక్షసారా. 1834లో ఫ్రాన్సులో ద్యూమా, పెలిగో అనే ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు కట్టె సారానికి పేరు పెడుతూ ఈ 'మెథు'ను తీసుకున్నారు. మన పిల్లలు రాసే మిథైల్, మిథేన్ అన్న మాటలన్నీ ఆ పేరు సంతానమే. తియ్యటి మధువు పేరు చివరికి మిథైల్ ఆల్కహాలనే విషానికి అంటుకోవడం నాకు ఎప్పుడూ విడ్డూరంగానే ఉంటుంది.

ముందు ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. మన రాష్ట్రంలో లైసెన్సు లేకుండా ఇంట్లో మద్యం తయారుచేయడం నేరం. కల్లు గీయాలన్నా అనుమతి కావాలి. కాబట్టి ఈ ప్రసంగం విని ఎవరూ కుండ కడగవద్దు. నేను చేసి చూసింది ఇక్కడ కాదు, అమెరికాలో మా అబ్బాయి ఇంట్లో. అక్కడ 1978లో వచ్చిన చట్టం ప్రకారం ఇంటి అవసరానికి పులియబెట్టుకోవచ్చు. అమ్మకూడదు. బట్టీ పెట్టి సారా కాచడం మాత్రం అక్కడా నేరమే. "నాన్నా, రిటైరై ఊరికే కూర్చున్నావు, నీ సబ్జెక్టే కదా, చేసి చూడు" అని వాడే సామాను తెచ్చిపెట్టాడు. తాగే అలవాటు నాకు లేదు. ల్యాబు అలవాటు మాత్రం పోలేదు.

సామాను ఎంతో కాదు. దాదాపు నాలుగు లీటర్లు పట్టే గాజు జాడీ. ఒకటిన్నర కిలోకు కాస్త తక్కువ తేనె. మిగతాది నీళ్లు. చిన్న పొట్లంలో ఈస్ట్. జాడీ మూతికి నీళ్లు నిలిచే వంకర గొట్టం ఒకటి. లోపలి గాలి బుడగలుగా బయటికి పోతుంది, బయటి గాలి లోపలికి రాదు. తేనెను మరిగించవద్దని ఈ విద్య తెలిసినవాళ్లంటారు, వాసన పోతుందని. తేనెను వేడి చేయకూడదని మన వైద్యులు ఎప్పటి నుంచో చెబుతున్నదే. కారణాలు వేరు, మాట ఒకటి.

నా మొదటి తప్పు తేనెను సరిగా కలపకపోవడం. అడుగున పాకంలా పేరుకుపోయింది, పైన నీళ్లు తేలాయి. ఈస్ట్ మొదటి రోజంతా ఆ నీళ్ల మీదే పస్తుండిపోయింది. రెండో తప్పు దీనికంటే పెద్దది. ఈస్ట్‌కు చక్కెర ఒక్కటే చాలదు, నత్రజని కూడా కావాలి. ద్రాక్షరసంలో, ఈతకల్లులో అది సహజంగానే ఉంటుంది. తేనెలో మాత్రం దాదాపు ఉండదు. పప్పూ కూరా లేకుండా వట్టి అన్నం పెట్టి కూలికి పంపినట్టన్నమాట. మూడో రోజుకు జాడీలోంచి కుళ్లిన కోడిగుడ్డు వాసన. ఆకలితో ఉన్న ఈస్ట్ వదిలే హైడ్రోజన్ సల్ఫైడ్ అది. ల్యాబులో ఆ గ్యాస్ తీసే కిప్ ఉపకరణం పక్కన పాతికేళ్లు నిలబడి పీల్చిన వాసనే, మా కోడలి వంటింట్లో ఎదురైంది. "మామయ్యా, గ్యాస్ లీకవుతోందా?" అని ఆ అమ్మాయి కంగారుపడింది.

గుప్పెడు కిస్‌మిస్ వేస్తే ఆ లోటు తీరుతుందని ఒకరు చెప్పారు. చాలామంది చెప్పే మాటే అది. లెక్క వేసి చూస్తే గుప్పెడు కిస్‌మిస్‌లో ఉండే నత్రజని ఏ మూలకూ చాలదు. సరే, ఈస్ట్ కోసమే అమ్మే పోషకాల పొడి తెచ్చాను. దాన్ని కొంచెం కొంచెంగా, మూడు నాలుగు రోజుల పాటు వేయాలి. నేను లెక్చరర్ని కదా, మొత్తం డోసు ఒకేసారి వేసేశాను. జాడీలో అప్పటికే కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్ ఆ పొడి రేణువులు తగలగానే ఒక్కసారిగా పొంగింది. గోలీసోడాలో ఉప్పు వేస్తే ఏమవుతుందో హిందూపురంలో చిన్నపిల్లవాడికీ తెలుసు. నాకు ఆ క్షణాన గుర్తు రాలేదు. గట్టు మీద, కార్పెట్ మీద, నా చొక్కా మీద తేనె నురగ. మా ఆవిడ ఏమీ అనలేదు, గుడ్డ తెచ్చి ఇచ్చింది. అనకపోవడమే పెద్ద మాట.

ఆ తర్వాత అది దారిలో పడింది. నాలుగో రోజు నుంచి గొట్టంలో బుడగలు, సెకనుకొకటి. లోపల జరిగేది ఇంటర్మీడియట్ సమీకరణమే. 180 గ్రాముల గ్లూకోజ్ విడిపోయి 92 గ్రాముల ఆల్కహాల్, 88 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ అవుతుంది. అంటే చక్కెరలో దాదాపు సగం బరువు గాలిలో కలిసిపోతుంది. ఎంత పులిసిందో చూడడానికి హైడ్రోమీటర్ వాడతారు. పాలకేంద్రంలో పాలలో తేలేసే లాక్టోమీటర్‌కు అన్నదమ్ముడే. నీటికి 1.000 అనుకుంటే, తేనెనీళ్లు 1.100 దగ్గర మొదలయ్యాయి. అది రోజురోజుకూ దిగి, మళ్లీ 1.000 దగ్గరికొస్తే సుమారు 13 శాతం ఆల్కహాల్ తయారైందని లెక్క. నాది నెలన్నరకు దిగింది.

దిగాక రుచి చూశాను. అరచెంచా. గొంతు మండింది. తేనె తీపి లేదు, తేనె వాసన లేదు, స్పిరిట్ దీపం వత్తి నాకినట్టుంది. "ఇంతేనా నాన్నా?" అన్నాడు అబ్బాయి. "ఇంతే" అన్నాను. మడ్డి అడుగున వదిలేసి, సన్నటి పైపుతో పైతేట ఇంకో జాడీలోకి దించి, మెట్ల కింద అలమారలో చీకట్లో పెట్టించి, నేను విమానమెక్కేశాను.

అక్కడి నుంచి వచ్చాక నన్ను పట్టుకున్న ప్రశ్న వేరే. మన సీమలో తేనె ఉంది. కానుగ పూసినప్పుడు, చింత పూసినప్పుడు, చివరికి కంపచెట్లు పూసినప్పుడు కూడా ఈగలు తేనె పెడతాయి. పులియబెట్టే విద్యా మనకు కొత్త కాదు. మరి ఈ ఊళ్లలో తేనెకల్లు ఎందుకు లేదు?

నాకు తోచిన మొదటి జవాబు ఈతచెట్టు. వంకల వెంబడి నిలబడ్డ ఈతచెట్టు చక్కెరా నీళ్లూ కలిపి, పోషకాలతో సహా కుండలోకి జారవిడుస్తుంది. ఈస్ట్ గాలిలోనే ఉంది, కుండకంటిన నిన్నటి మడ్డిలోనూ ఉంది. ఈస్ట్ ఒక్కటే కాదు, జైమోమోనాస్ అనే బ్యాక్టీరియా కూడా కల్లు పనిలో చేయి వేస్తుంది. కుండ లోపల సున్నం పూస్తే పులవకుండా తియ్యగా నిలబడుతుందని కల్లు గీసే ఈడిగవాళ్లకు ఏ రసాయన శాస్త్రజ్ఞుడూ చెప్పలేదు. ఇంత సులువైన చెట్టు ఉండగా, బండల కింద పొగబెట్టి, కుట్లు తిని తెచ్చిన తేనెను కల్లు ఎవరు చేస్తారు? తేనె దేవుడి అభిషేకానికి, బిడ్డల నాలుకకు, మందు నూరడానికి. అది తాగి పారేసే సరుకు కాదు. ఇంకో మాట, ఏడాది నిండని పసిబిడ్డలకు తేనె నాకించవద్దని ఇప్పుడు డాక్టర్లు చెబుతున్నారు. అది వినాల్సిన మాటే.

రెండో జవాబు మన ఎండ. అసలు సంగతి ఇక్కడే ఉందని నా అనుమానం. మాది రాత్రికి రాత్రి పులిసే దేశం. ధర్మవరంలో మా అత్తగారింట్లో ఎండాకాలం దోసెపిండి రుబ్బిపెడితే, తెల్లారేసరికి గిన్నె దాటి గూట్లోకి కారేది. సద్దన్నం రాత్రి నానేస్తే పొద్దునకు సిద్ధం. రాగి అంబలి ఒక్క రాత్రి. మజ్జిగ మధ్యాహ్నానికే పులుపు. ఈతకల్లు తెల్లారి తీపి, మధ్యాహ్నం ఘాటు, సాయంత్రానికి పులుపు, మర్నాటికి వెనిగర్ దారి. మన పులుపులన్నిటికీ గడియారం ఉంది, క్యాలెండర్ లేదు. తేనెకల్లుకు క్యాలెండర్ కావాలి. దాని ఈస్ట్ పద్దెనిమిది, ఇరవై డిగ్రీల దగ్గర నింపాదిగా పనిచేస్తేనే రుచి. ముప్పై దాటితే తొందరపడి, గొంతు మండించే బరువైన ఆల్కహాళ్లు కూడా చేసిపెడుతుంది. నలభై డిగ్రీల మే నెలలో ధర్మవరం మిద్దింట్లో తేనెనీళ్లు పెడితే వచ్చేది మధువు కాదు, మందు స్పిరిట్.

చలిదేశాలవాళ్లకు ఈ ఓపిక నేలమాళిగ ఇచ్చింది. పోలండ్‌లో తేనెకల్లును తేనె పాలును బట్టి నాలుగు తరగతులు చేశారు. తేనెకు సగం నీళ్లు పోసిందానికి కనీసం మూడేళ్లు, సమంగా పోసిందానికి రెండేళ్లు, రెట్టింపు నీళ్లదానికి ఏడాది, మూడు రెట్ల నీళ్లదానికి తొమ్మిది నెలలు ఊరాలి. యూరప్‌లో 2008 నుంచి ఇది చట్టంలోకి ఎక్కిన కట్టుబాటు. తేనె ఎంత చిక్కనో వేచి ఉండడం అంత. ఇథియోపియా వాళ్లు మాత్రం మనలాంటివాళ్లే. 'తేజ్' అనే వాళ్ల తేనెకల్లులో గేషో అనే పొద ఆకూ పుల్లా వేసి, నెలలు ఆగకుండా కొద్ది వారాల్లోనే తాగేస్తారు.

అయితే మనవాళ్లకు క్యాలెండర్ పులుపు బొత్తిగా తెలియదంటే తప్పు. అది వైద్యుడి అంగట్లో ఉంది. ద్రాక్షారిష్టం, అశోకారిష్టం సీసా మీద సన్న అక్షరాలు ఎప్పుడైనా చదివారా? దానంతట అదే పుట్టిన ఆల్కహాల్ ఇంత శాతం అని రాసి ఉంటుంది. మందుమొక్కల కషాయం కాచి పులియబెడితే అరిష్టం, కాచకుండా పులియబెడితే ఆసవం. కొలత చెప్పని చోట ఎంత వేయాలో శార్ఙ్గధర సంహిత ఒక లెక్క ఇచ్చింది. ఇప్పటి కొలతల్లో చెప్పాలంటే సుమారు 12 లీటర్ల ద్రవానికి 4.8 కిలోల బెల్లం, అందులో సగం తేనె. అందులో ధాతకీ పువ్వులు వేస్తారు. ఆ పువ్వుల మీద ఉండే ఈస్టే తోడు. లోపల నెయ్యి పూసిన కుండలో పోసి, మూకుడు పెట్టి, మట్టి పూసిన గుడ్డతో మూతి చుట్టూ బిగించి, వడ్లరాశిలో పూడ్చిపెడతారు. వడ్లరాశి ఎందుకు? బయట ఎండైనా చలైనా రాశి లోపల వేడి పెద్దగా మారదు. మనకు నేలమాళిగ లేకపోతేనేం, గాదె ఉంది. నా జాడీ వంకర గొట్టం చేసిన పని మట్టిగుడ్డ చేస్తుంది, మెట్ల కింద అలమార చేసిన పని వడ్లు చేస్తాయి. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో కూడా వెలగపండు, చక్కెరపాకం, కొంచెం తేనె కలిపి ఆసవం చేసే కొలత ఉంది. కొత్త విద్య నేర్చుకోవడానికి సముద్రం దాటాననుకున్నాను. తిరిగొచ్చి చూస్తే మందుల అంగడి అలమారలో ఉంది.

హిందూపురంలో నాకు తెలిసిన ఒక వృద్ధ వైద్యుణ్ణి అడిగాను, అరిష్టం తయారైందని ఎలా తెలుస్తుంది అని. హైడ్రోమీటర్ మాటెత్తితే నవ్వాడాయన. "చెవి పెట్టు నాయనా" అన్నాడు. కుండకు చెవి ఆనిస్తే లోపల సన్నగా వాన కురుస్తున్నట్టు చప్పుడు. అది ఆగాక, మూత కొంచెం తీసి వెలిగించిన అగ్గిపుల్ల లోపలికి చూపాలి. ఆరిపోతే ఇంకా గాలి పుడుతోందని, వెలుగుతూ ఉంటే పని ముగిసిందని. కార్బన్ డయాక్సైడ్ పరీక్షకు నేను ముప్పై ఏళ్లు సున్నపుతేట తెల్లబడడం చూపించాను. అగ్గిపుల్ల అయినా సరిపోయేదే. తేనె అసలుదా కాదా తేల్చడానికి అగ్గిపుల్ల పనికిరాదన్నాను ఇందాక. ఇక్కడ మాత్రం దానికి పూర్తి మార్కులు.

మరి ఊరుతూ కూర్చున్నన్నాళ్లూ లోపల ఏమవుతుంది? చనిపోయిన ఈస్ట్ నెమ్మదిగా అడుగుకు దిగి, పైది తేటపడుతుంది. మండించే ఘాటు తగ్గుతుంది. ఆమ్లాలూ ఆల్కహాళ్లూ ఒకదానితో ఒకటి కలిసి ఎస్టర్లు అవుతాయి. పండ్ల వాసనలు చాలావరకు ఎస్టర్లవే. ఈ చర్య గది వేడిలో ఎంత మెల్లగా నడుస్తుందో కెమిస్ట్రీ ల్యాబులో అందరికీ తెలుసు, అందుకే మేము గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం వేసి కాస్తాం. సీసాలో ఆమ్లం బదులు నెలలు పోస్తారు. అంతే తేడా. ఊరినదంతా మేలు చేస్తుందనీ కాదు. హిందూపురం మార్కెట్‌లో ఏ చింతపండు వ్యాపారినైనా అడగండి, ఎర్రటి కరిపులి రకం చింతపండు బయట ఉంచితే నల్లబడి ధర పడిపోతుందని కోల్డ్ స్టోరేజీలో పెట్టించే కష్టం చెబుతాడు. అదే పాత నల్ల చింతపండును మందుకని అడిగి తీసుకెళ్లేవాళ్లూ ఉన్నారు. కాలం ఒకే పని చేస్తుంది, కొన్నవాడి అవసరాన్ని బట్టి దానికి పేరు పడుతుంది.

పులుపు ముగియకముందే సీసాకెత్తి బిగించడం కొత్తవాళ్లు చేసే అతి ప్రమాదకరమైన తప్పు. లోపల చక్కెర మిగిలి ఉంటే ఈస్ట్ మళ్లీ లేస్తుంది, సీసా పగులుతుంది. గాజు పెంకులు మనిషిని గాయపరుస్తాయి. మా అవ్వ బిరడా గట్టిగా బిగించకపోవడం వల్ల ఆ రోజు దూలానికి తగిలింది బిరడానే. ఆమె ఆ రాత్రే గుడ్డ కట్టడంలో ఎంత తెలివి ఉందో నాకు అరవై దాటాక అర్థమైంది. ఆ తేనె తర్వాత ఏమైందని మీరు అడగవచ్చు. వెనిగర్‌లా పుల్లబడింది. ఎద్దుకు అజీర్తి చేసినప్పుడు తాత దాన్ని గొట్టంతో పట్టించాడు. ఎద్దు లేచి నడిచింది, మందు వల్లో దాని అదృష్టం వల్లో.

మెట్ల కింద జాడీ సంగతి కూడా చెప్పి ముగిస్తాను. పదకొండు నెలల తర్వాత అబ్బాయి ఫోన్ చేశాడు. గ్లాసుకు అటువైపు పేపర్ పెడితే అక్షరాలు కనిపిస్తున్నాయన్నాడు. ఘాటు ఏమైందన్నాను. "తగ్గింది నాన్నా. మొదట ఏమీ తెలియదు, మింగాక తేనె వాసన వస్తోంది" అన్నాడు. మూడో వంతు ఇంకా కదిలించకుండా ఉంచమన్నాను.

ఇక్కడ మా ఇంట్లో, పోయిన శ్రావణంలో పెనుకొండ రోడ్డు మీద కొన్న తేనెసీసాలో మళ్లీ సన్నగా నురగ కట్టింది. మా ఆవిడ సీసా వెలుతురుకు పెట్టి చూసి, "పారబోయమంటారా?" అంది. మూత కాస్త వదులు చేశాను. 'తుస్సు'మంది. పదకొండు డిగ్రీల కిందికి పోతే తేనెలో ఈస్ట్ పెద్దగా కదలదు. సీసా తీసుకెళ్లి ఫ్రిజ్‌లో, దోసెపిండి గిన్నె పక్కన పెట్టాను.